పద్మపురం కొండ: ధర్మకీర్తి విహారం, తరువాతి కాపురస్థులు

ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం ప్రాంతాన పద్మపురం అనే ఊరు ఉన్నది. ఊరిని ఆనుకొని ఉన్న కొండను జగమండ అంటారు. దానిమీద నీలకంఠేశ్వరుడు, మాణికేశ్వరుడు మొదలైన పేర్లతో ఐదు శివాలయాలు ఉన్నట్లు లెక్క చెబుతారు. శివరాత్రినాడు చుట్టుపట్ల ఊళ్ళ జనం ఈ కొండకు చేరుతారు. ఇంతవరకు చెప్పింది ఈ సీమలోని ఏ శైవ క్షేత్రానికైనా సరిపోయే వర్ణనే. పద్మపురాన్ని ప్రత్యేకంగా నిలబెడుతున్నది నీలకంఠేశ్వరాలయంలోని ఒక చిన్న శాసనం. దాని లిపి ఏడవ శతాబ్దిదని పరిశోధకుల నిర్ణయం. అందులో 'ధర్మకీర్తి' అనే పేరు చదివారు. బౌద్ధ తార్కికులలో అగ్రగణ్యుడైన ధర్మకీర్తి నివసించిన విహారం ఈ కొండమీదనే ఉండేదని దానినిబట్టి చెబుతూ వస్తున్నారు.

శివుడి ఇంట్లో బౌద్ధుడి పేరు ఎలా నిలిచింది? ఆ ఇంటికి మొదట వచ్చినవారు ఎవరు, తరువాత వచ్చినవారు ఎవరు? ఈ ప్రశ్నలను తెలుగు విద్యార్థుల దృష్టికి తేవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది ఒడిశా చరిత్ర గదా, మనకెందుకు అనుకోనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం జయపురం జమీందారీలో భాగంగా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. ఆ తరువాత కొరాపుట్ జిల్లాలోకి వెళ్ళింది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. సరిహద్దు గీత మారినా గుణుపురం, రాయగడ బజార్లలో తెలుగు మాట ఆగలేదు.

ధర్మకీర్తి ఎవరు?

భారతీయ తర్కశాస్త్రంలో దిఙ్నాగుడి తరువాత చెప్పవలసిన పేరు ధర్మకీర్తి. దిఙ్నాగుడికీ తెలుగునేలకూ సంబంధం ఉన్నదని మనకు హ్యూయన్ త్సాంగ్ రాతల వల్ల తెలుస్తున్నది. వేంగికి నైరుతి దిక్కున, ఏకాంతంగా నిలిచిన ఒక కొండమీద దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించాడని ఆ యాత్రికుడు చెప్పాడు. దిఙ్నాగుని 'ప్రమాణసముచ్చయా'నికి వివరణగా మొదలై, మూలాన్ని మించి ప్రసిద్ధి కెక్కినది ధర్మకీర్తి 'ప్రమాణవార్తికం'. 'ప్రమాణవినిశ్చయం', 'న్యాయబిందువు', 'హేతుబిందువు', 'వాదన్యాయం', 'సంబంధపరీక్ష', 'సంతానాంతరసిద్ధి' ఆయన ఇతర రచనలు.

ఆయన చెప్పినదాని సారాంశం క్లుప్తంగా ఇది. తెలుసుకోవడానికి సాధనాలు రెండే: ప్రత్యక్షం, అనుమానం. శబ్దం, అంటే గ్రంథంలో ఉన్నది గనుక నిజం అనే మాట, వాటితో సమానమైన ప్రమాణం కాదు. ఏదైనా ఒక పని చేయగలిగితేనే అది ఉన్నట్లు. అనుమానానికి ఆధారమైన హేతువు మూడు రకాలు: వస్తువు స్వభావం, దాని కార్యం, అనుపలబ్ధి. కొండమీద పొగను చూసి నిప్పు ఉన్నదని ఊహించడం కార్యహేతువు. కుల గర్వాన్ని, స్నానాల వల్ల పుణ్యం వస్తుందనే నమ్మకాన్ని ఆయన బుద్ధిమాంద్యానికి గుర్తులుగా లెక్కించాడు. వైదిక దార్శనికులు ఆయన్ను ఖండించడానికి తరతరాలు శ్రమించారు. మహాశత్రువుగా ఎంచి మరీ ఆయన్ను చదివారన్నమాట.

ఆయన కాలం ఏడవ శతాబ్ది పూర్వార్ధమని చాలాకాలంగా అంగీకరిస్తున్నారు. ఆరవ శతాబ్ది మధ్యకు జరపవలెననే వాదం కూడా ఇటీవల బలపడింది. 630-644 మధ్య మన దేశంలో తిరిగిన హ్యూయన్ త్సాంగ్ ఆయన పేరెత్తలేదు. 671లో బయలుదేరి వచ్చిన ఇత్సింగ్ మాత్రం దిఙ్నాగుని తరువాత తర్కాన్ని బాగుచేసినవాడుగా ధర్మకీర్తిని పేర్కొన్నాడు.

సాక్ష్యాన్ని తూచడం

పద్మపురం శాసనంలోని ధర్మకీర్తి ఈ ధర్మకీర్తియేనా? ఈ ప్రశ్నకు ఆయన చెప్పిన పద్ధతిలోనే జవాబు వెదకడం న్యాయం.

అనుకూలంగా ఉన్నవి మూడు. మొదటిది పేరు. రెండవది లిపి కాలం. అది ఆయన జీవితకాలానికి దగ్గరగానే ఉన్నది. మూడవది టిబెట్టు సంప్రదాయం. 1608లో భారతదేశపు బౌద్ధమత చరిత్ర రాసిన తారానాథుడు, ధర్మకీర్తి చివరి దశలో కళింగదేశంలో ఒక విహారం కట్టించి అక్కడే కన్నుమూశాడని చెప్పాడు. వంశధార లోయ ప్రాచీన కళింగంలోనిదే. పద్మపురం శాసనం సంగతి తారానాథుడికి తెలిసే అవకాశం లేదు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు సాక్షులు ఒకే దిక్కుకు వేలు చూపితే ఆ మాటకు బరువు ఉంటుంది.

ప్రతికూలంగా చెప్పవలసినవీ ఉన్నాయి. ధర్మకీర్తి అనేది భిక్షువులలో అరుదైన పేరు కాదు. పదకొండవ శతాబ్దిలో అతీశునికి గురువైన సువర్ణద్వీపపు ఆచార్యుడి పేరు కూడా ధర్మకీర్తియే. తారానాథుడు తాను వర్ణించిన కాలానికి దాదాపు వెయ్యేళ్ళ తరువాతివాడు. ఆయన గ్రంథంలో చరిత్రతోబాటు మహిమలూ కలిసి ఉంటాయి. ధర్మకీర్తిని ఆరవ శతాబ్దికి జరిపితే ఏడవ శతాబ్ది శాసనం సమకాలికమైన గుర్తు కాకుండా ఒక జ్ఞాపకం అవుతుంది. దూరాన కనిపించేది పొగా, మంచా అని తేల్చుకోకుండా నిప్పు ఉన్నదనడానికి వీలులేదని తార్కికులు చెప్పిన హెచ్చరిక ఇక్కడ వర్తిస్తుంది.

మరి హ్యూయన్ త్సాంగ్ మౌనం మాటేమిటి? ఆయన 639 ప్రాంతంలో కళింగం మీదుగా వెళ్ళాడు. ఇక్కడ ధర్మకీర్తి విహారం ఉంటే చెప్పడా అని అడిగేవారున్నారు. దీనికి జవాబు ధర్మకీర్తి అనుపలబ్ధి విచారంలోనే దొరుకుతుంది. ఉంటే కనబడి తీరవలసిన వస్తువు కనబడకపోతేనే అది లేదని చెప్పవచ్చు. కంటికి ఆనే అవకాశం లేని వస్తువు విషయంలో కనబడకపోవడం ఏమీ రుజువు చేయదు. రాజధాని దారిన పోయిన యాత్రికుడికి ఏజెన్సీ అంచున ఉన్న ఒక కొండ కనబడి తీరవలసిన వస్తువు కాదు. కనుక ఆయన మౌనం విహారం లేదని చెప్పదు, ఉన్నదనీ చెప్పదు.

మా అభిప్రాయం ఇది. పద్మపురం కొండమీద ఏడవ శతాబ్దిలో ధర్మకీర్తి అనే పేరుకు గౌరవం ఉండేది. అది మహాతార్కికుని పేరే అయి ఉండడం సంభావ్యం. 'ఇదే ఆయన ఇల్లు' అని పర్యాటక ఫలకాల మీద రాసే నిశ్చయవాక్యం మాత్రం సాక్ష్యాన్ని దాటిపోతుంది. ఇదే సందర్భంలో మరొక మాట. తారానాథుడు ధర్మకీర్తి పుట్టిన చోటును దక్షిణాన 'త్రిమలయ' అన్నాడు. దాన్ని మన తిరుమలతో ముడిపెట్టి ఆయన్ను తెలుగువాడిని చేయాలనే ఉత్సాహం కొందరిలో కనిపిస్తుంది. శబ్దసామ్యం ఒక్కటే హేతువు కాజాలదు. అభిమానం ప్రమాణం కాదని చెప్పినవాడిని అభిమానంతో సొంతం చేసుకోవడం సమంజసం కాదు.

వంశధార దారి

కొండలలోని ఏజెన్సీకి బౌద్ధం ఎందుకు వచ్చింది అనే సందేహానికి నదిని చూస్తే సమాధానం దొరుకుతుంది. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, గుణుపురం పక్కగా దిగి, శ్రీకాకుళం జిల్లాలో ప్రవేశించి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రం మీద వచ్చిన సరుకు, కొండల్లోనుంచి దిగిన సరుకు ఈ లోయలోనే చేతులు మారాయి. భిక్షువులు వర్తకుల దారినే నడిచారు. నది చివర, దక్షిణపు గట్టుమీద శాలిహుండం ఉన్నది. అక్కడి స్తూపాలు, చైత్యగృహాలు శతాబ్దాల తరబడి కొనసాగిన ఒక మహావిహారానికి సాక్ష్యాలు. చివరి దశకు చెందిన తార, మారీచి మొదలైన దేవతల శిల్పాలు కూడా అక్కడ దొరికాయి. అంటే ఇల్లు చేతులు మారకముందే ఇంటిలోపలి ఆచారం మారిందన్నమాట. తర్కం చదివిన మతమే మంత్రాన్ని కూడా చేర్చుకొన్నది.

శాలిహుండాన్ని 1919లో లోకానికి తెలియజేసినవారు గిడుగు వెంకట రామమూర్తిగారు. వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడుగా మనకు పరిచితులైన ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ముఖలింగం శాసనాలు తామే చదవడం నేర్చుకొన్నారు. ఈ లోయ చరిత్రకు ఆయన పేరు రెండుసార్లు తగులుతుంది. రెండవది సవరల విషయంలో.

శివుడు వచ్చిన తరువాత

కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల శకం 498లో మొదలైనదని సాధారణంగా అంగీకరిస్తారు. వారి రాజధాని కళింగనగరం, నేటి ముఖలింగం, ఇదే వంశధార ఒడ్డున ఉన్నది. వారి కులదైవం మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడు. రాగిరేకుల మీద వారు తమను పరమమాహేశ్వరులుగా చెప్పుకొన్నారు. బ్రాహ్మణులకు భూములు, ఊళ్ళు ఇచ్చారు. ముఖలింగంలో మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు లేచాయి. విహారం బతకాలంటే భిక్ష పెట్టే ఊరు, దానమిచ్చే వర్తకుడు, మాన్యమిచ్చే రాజు కావాలి. భిక్షువుకు సొంత పొలం, సంసారం లేవు. దానపు ధార వేరే గుమ్మానికి మళ్ళినప్పుడు విహారం కూలగొట్టనవసరం లేకుండానే ఖాళీ అవుతుంది. గుడికి వచ్చిన అర్చకుడు మాత్రం కుటుంబంతో వస్తాడు, మాన్యం దున్నుకొంటాడు, కొడుకుకు పూజ అప్పగిస్తాడు. మన మధ్యయుగ చరిత్రలో ఈ మార్పు ఎన్నోచోట్ల జరిగింది. పద్మపురాన్ని అదే వెలుగులో చూడవచ్చు.

ఇల్లు చేతులు మారిందనగానే తగవును ఊహించడం నేటి అలవాటు. కొన్నిచోట్ల తగవులు జరిగి ఉండవచ్చు. కాని ఈ కొండమీద మనకు తెలిసిన ఒకే ఒక పాతగుర్తు, ఆ పేరు, శివాలయంలోనే మిగిలి ఉన్నది. తరువాత వచ్చినవారు దాన్ని చెక్కివేయలేదు. ఎరిగి కాపాడారో, ఎరగక వదిలారో చెప్పే సాధనం లేదు గాని, వారి గుడి గోడల వల్లనే ఆ అక్షరాలు నేటిదాకా నిలిచాయన్నది వాస్తవం.

కొరాపుట్ వైపు జైన గృహాల కథ కూడా ఇటువంటిదే. హ్యూయన్ త్సాంగ్ కళింగంలో పదికి పైగా సంఘారామాలు, వాటిలో ఐదువందలమంది భిక్షువులు ఉన్నారని, దేవాలయాలు వందకు మించి ఉన్నాయని రాసి, ఇతర మతస్థులలో నిర్గ్రంథులు, అంటే జైనులు, అందరికన్న ఎక్కువ అని చెప్పాడు. ఆ మాటకు తరువాతి కాలపు రాతి సాక్ష్యాలు కొరాపుట్ కొండల్లో ఉన్నాయి. నందపురం వైపు సుబయిలో చిన్న చిన్న రాతిగుడులు, తీర్థంకరుల విగ్రహాలు ఉన్నాయి. జయపురంలో భగవతి ఆలయ ఆవరణలో కూడా జైన విగ్రహాలు చేరాయి. పీఠం మీది వృషభాన్ని గుర్తుపట్టినవారికి ఆయన ఋషభనాథుడు. దీపం పెట్టేవారికి ఆయన తమ ఊరి దేవుడు. మన విజయనగరం దగ్గర రామతీర్థంలో ఇదే వరుస మరింత స్పష్టంగా కనబడుతుంది: ఒక కొండమీద బౌద్ధ విహార శిథిలాలు, మరొక కొండ గుహల్లో జైన శిల్పాలు, వాటితోబాటు పదకొండవ శతాబ్దిలో తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలపు జైనాచార్యుని శాసనం, ఆపైన రామాలయం.

సవరలు

గుడుల చరిత్ర రాసేవారు తరచు మరచిపోయే కాపురస్థులు సవరలు. గుణుపురం చుట్టూ ఉన్న కొండలు వారివి. విహారానికి ముందు వారు ఉన్నారా, తరువాత వచ్చారా అని తూకం వేయడం కన్న, కొండను నిత్యం వాడుకొన్నది వారేనని గుర్తించడం ముఖ్యం. సవర ఇంటిలో గోడమీద వేసే బొమ్మ అలంకారం కాదు. చనిపోయినవారికీ, దేవతలకూ ఆ గోడమీద కట్టి ఇచ్చిన ఇల్లు. పూజారిణి నోట చనిపోయినవారు మాట్లాడటం, బతికున్నవారు వారితో వాదించడం వారి ఆచారం. 1970ల నుంచి వారితో కలిసి పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ దీనినిగురించి 1993లో ఒక గ్రంథం ప్రచురించాడు. సవరలలో చాలామంది బాప్టిస్టు క్రైస్తవులు కావడంతో ఆ సంభాషణలు ఆగిపోయిన తీరును 2017 నాటి గ్రంథంలో చెప్పాడు. అంటే ఇళ్ళు చేతులు మారడం ఏడవ శతాబ్దితో ముగిసిన సంగతి కాదు.

గిడుగువారు పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లో సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళారు. సరిగ్గా అదే ఏడాది మంగై గొమాంగో అనే సవర పండితుడు తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే లిపిని రూపొందించాడు. అందులో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క దేవత పేరు. అక్షరాలే దైవాలుగా గుడిలో పూజలందుకొన్నాయి. శబ్దం స్వతంత్ర ప్రమాణం కాదన్న తార్కికుని పేరు మిగిలిన సీమలోనే అక్షరాన్ని దేవుడని కొలిచే గుడి వెలిసింది. దీనిని వైరుద్ధ్యంగా చూడనవసరం లేదు. లిపిలేని జనానికి అక్షరం చేసి పెట్టగల పని ఎంతో వారికి తెలుసు. పని చేయగలదే సత్యమన్న ధర్మకీర్తి కూడా ఇంతవరకు కాదనడేమో.

గ్రంథాలకు దొరికిన ఇళ్ళు

కొండమీది ఇల్లు పోయినా ధర్మకీర్తి గ్రంథాలు వేరే ఇళ్ళలో తలదాచుకొన్నాయి. వాటి చరిత్ర కూడా ఈ కథలోనిదే. బౌద్ధ విహారాలు ఖాళీ అయినప్పుడు సంస్కృత మూలాలు చాలావరకు కనుమరుగైనాయి. 'న్యాయబిందువు' ధర్మోత్తరుని వ్యాఖ్యతోసహా గుజరాత్‌లోని ఖంభాత్‌లో, శాంతినాథుని జైన ఆలయ భాండారంలో దొరికింది. పీటర్సన్ దానిని 1889లో ప్రకటించాడు. ప్రతిపక్షమైన బౌద్ధుని గ్రంథాన్ని జైనులు దాచి ఉంచారు. 'ప్రమాణవార్తికం' సంస్కృత మూలం 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్టు మఠాల్లో తాళపత్రాలు వెదికి తెచ్చినదాకా మన పండితులకు అందలేదు. టిబెట్టులో మాత్రం దాన్ని అనువాదంలో చదివి, వాదోపవాదాలు చేసే సంప్రదాయం ఆగలేదు.

ఆ చదువరులే శరణార్థులై ఈ కొండల దాపుకు వచ్చారు. రాయగడను ఆనుకొని ఉన్న గజపతి జిల్లాలో, చంద్రగిరి దగ్గర 1963లో టిబెట్టువారి ఆవాసం ఏర్పడింది. అక్కడ జిరంగ్‌లో కట్టిన పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. తారానాథుని మాట నిజమైతే, కళింగంలో విహారం కట్టిన ఆచార్యుని విద్య హిమాలయాలు దాటి, సుమారు పదమూడు వందల ఏళ్ళ తరువాత అదే కళింగపు కొండలకు తిరిగి వచ్చిందన్నమాట. ఎవరూ పథకం వేసి చేసిన పని కాదిది. దేశం కోల్పోయినవారు భూమి దొరికినచోట నిలిచారు.

చేయవలసిన పని

పద్మపురం విషయంలో విద్యార్థులు గుర్తుంచుకోవలసినవి రెండు. మొదటిది, కొండ నేడు శివభక్తులది. అక్కడికి వెళ్ళే పరిశోధకుడు అతిథి. పాతయజమాని పేరు చెప్పి నేటి కాపురస్థుని ఖాళీ చేయమనే హక్కు చరిత్రకు లేదు. నేటి కాపురస్థుని మెప్పు కోసం పాతపేరు దాచే హక్కూ లేదు. రెండవది, రాతి అక్షరాలకు ఆయువు తక్కువ. సున్నం పూతలు, నూనె, కుంకుమ, జీర్ణోద్ధరణ పేరుతో వేసే సిమెంటు, ఇవన్నీ భక్తితో చేసే పనులే అయినా శాసనాలకు ముప్పు. ఒక్క పేరు మీద ఇంత చరిత్ర ఆధారపడి ఉన్నప్పుడు ఆ ఒక్క పేరూ చెరిగిపోతే, ధర్మకీర్తి ఇక్కడ ఉన్నాడా లేదా అనే వాదానికి కూడా చోటు ఉండదు. శాసనాలకు మంచి ప్రతులు, ఛాయాచిత్రాలు తీయించి ఒడియా, తెలుగు లిపులలో పాఠంతోసహా గ్రామస్థుల చేతికే ఇవ్వడం ఉత్తమం. గుడి అర్చకుడు దానిని చదివి వచ్చినవారికి చెప్పగలిగిననాడు శాసనానికి అంతకు మించిన కాపలా అక్కరలేదు.

వంశధార మీద పనిచేయదలచిన తెలుగు పరిశోధకుడు కొంత ఒడియా, కొంత సవర నేర్చుకోవాలని మా సూచన. శాలిహుండం నుంచి పద్మపురం దాకా నది ఒకటే. రాష్ట్రాలు రెండు, భాషలు మూడు. గిడుగువారు ఆ మూడింటి మధ్యనే బతికి పని చేశారు. ఆ దారి ఇంకా తెరిచే ఉన్నది.